సాలెపురుగు కుట్టినవాళ్ల ఆట

మా ఇంట్లో మొట్టమొదటి డిగ్రీ నాదే! నిన్న అమెరికాలో మా ఊరు అరోరాలో ఇటాలియన్ రెస్టారెంట్‌లో పార్టీ ఇస్తుంటే టరాంటెల్లా అనే ఇటాలియన్ల ఆటపాట మోగింది. ఆ గిలకల డప్పు వినగానే చిన్నప్పుడు పక్కింటి ఇటాలియన్ల పెళ్లిలో ఇదే పాటకు అందరూ ఎగరడం గుర్తొచ్చింది.

"సాలెపురుగు కుడితే విషం దిగాలని ఇట్ల ఎగిరేటోళ్లంట," అన్నాడు ఆ రోజు నాన్న.

అంతలోనే అమ్మ చెప్పులు విడిచి, బతుకమ్మ ఆడినట్టు చప్పట్లు కొడుతూ ఆ గుంపులో కలిసిపోయింది. నేను ఏడుస్తూ వెళ్లి కొంగు పట్టుకున్నాను.

"అమ్మా, నిన్నెక్కడ కుట్టింది?"

"నన్నేం కుట్టలే బిడ్డా! నువ్వు గూడ రా, ఆడుదాం!"

నేను నమ్మలేదు. పాట ఆగేదాకా ఆమె కాళ్లే చూస్తూ నిలబడ్డాను.

ఇంగ్లీషు రాదని అప్పటిదాకా ఒంటరిగా గడప దాటని అమ్మ, మర్నాడు తనే వెళ్లి పక్కింటి తలుపు తట్టింది. విషం దిగిపోయిందనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటాను.