దండేలు చూసే సారు

మా శానిటరీ ఇన్‌స్పెక్టర్ సార్ పోయారని ఆఫీసు అటెండరు ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను ఉతికిన బట్టల బకెట్ పట్టుకుని మిద్దె మెట్లెక్కుతున్నాను. పొద్దున చాయ్ తాగి కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయారట. జహీరాబాద్‌లో వాళ్లింటి నుంచి దవాఖానకు తీసుకుపోయేలోపే అంతా అయిపోయిందట. రిటైరై ఏడాది కూడా నిండలేదు. ఏం చేయాలో తోచక ముందు బట్టలు ఆరేశాను. నాలుగో చీర దులుపుతుంటే ఏడుపొచ్చింది. అక్కడే ఎందుకు వచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మాది జహీరాబాద్ నుంచి షేర్ ఆటోలో పోయేంత దూరంలో ఉన్న చిన్న ఊరు. మొన్నమొన్నటిదాకా గ్రామ పంచాయతీ, ఆ తర్వాత మున్సిపాలిటీ అయింది. బోర్డు మారింది గానీ కుర్చీలు అవే. ఊరి పేరు రాయను, రాస్తే ఇప్పుడు అక్కడున్నవాళ్లు నన్ను బతకనివ్వరు. నేను ఆ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటును. కౌన్సిల్ మీటింగుకు ఎజెండా తయారు చేయడం, మూడు రోజుల ముందు కౌన్సిలర్లకు పంపడం, మీటింగులో అంశాలు చదివి వినిపించడం, తీర్మానాలు పుస్తకంలో ఎక్కించడం నా పని. సార్ మాకు బదిలీ మీద వచ్చారు. సొంతూరు రాయికోడ్ దిక్కు. సన్నటి మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక శొంఠి కొమ్ము ఉండేది. తనకు దగ్గొస్తే దాన్ని కొరికి బుగ్గన పెట్టుకునేవారు. ఎదుటివాళ్లు దగ్గితే ఆ కొమ్మే విరిచి చేతిలో పెట్టేవారు, వద్దన్నా వినేవారు కాదు.

వచ్చిన వారంలోనే ఆయన మీద ఫిర్యాదు వచ్చింది. కొత్త ఇన్‌స్పెక్టర్ మురికినీళ్ల మోరీలు చూడకుండా మిద్దెల దిక్కు చూసుకుంటూ తిరుగుతున్నాడని, ఆడవాళ్లు పైకి పోవడానికి సిగ్గుపడుతున్నారని మూడో వార్డు నుంచి పెద్దమనుషులు నలుగురు వచ్చారు. ఆఫీసంతా ముసిముసి నవ్వులు. కమిషనర్ పిలిచి అడిగితే, నేను ఆడవాళ్లను చూడలేదు సార్, దండేలు చూస్తున్నాను అన్నారట. ఆ మాటతో నవ్వులు రెట్టింపయ్యాయి. నేనూ నవ్వాను, ఎందుకు దాచడం.

మూడో వార్డు అవతల, చెరుకు చేలు మొదలయ్యే చోట, పాత టైర్లు కరగబెట్టి నూనె తీసే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. హైవే మీద పోయే లారీల టైర్లన్నీ చివరికి అక్కడికే వచ్చేవి. డ్రమ్ము మూత తీసినప్పుడల్లా నల్లటి పొగ, బూడిద లేచేవి. ఫిర్యాదు చేస్తే గాలిని కొలిచే మిషను జిల్లా నుంచి రావాలి. అది వచ్చే రోజు ఫ్యాక్టరీ ఎట్లా తెలుసుకునేదో గానీ శుభ్రంగా బందు ఉండేది. మిషను వాళ్లు మంచి గాలి కొలుచుకుని, చాయ్ తాగి వెళ్లిపోయేవారు. కాగితం మీద మా ఊరి గాలి ఊటీ గాలి.

అందుకే సార్ తన పద్ధతి తను పెట్టుకున్నారు. వారానికి రెండు పొద్దులు కాలినడకన గల్లీ గల్లీ తిరిగి, ఏ మిద్దె మీద బట్టలున్నాయి, ఏ ఇంట్లో లోపల ఆరేస్తున్నారు అని చిన్న పుస్తకంలో రాసుకునేవారు. ఒకసారి నన్ను వెంట తీసుకుపోయారు. ఫ్యాక్టరీకి దూరంగా ఉన్న గల్లీల్లో మిద్దెల నిండా బట్టలు. దగ్గరికి పోయేకొద్దీ తగ్గాయి. చివరి రెండు గల్లీల్లో దండేలు ఉత్తగా ఉన్నాయి, తాడు మీద కాకులు కూర్చున్నాయి. ఎర్రటి ఎండ, ఒక్క చీర లేదు.

"ముక్కుకు మామూలైతది బిడ్డా. దాన్ని నమ్మొద్దు," అన్నారు. "తెల్ల బట్ట ఉతికిన ఆడమనిషిని అడుగు. ఆమె నీకు అబద్ధం చెప్పది."

ఆ చివరి గల్లీలో ఒక ఇంటి ముందు ఆగి, ఇక్కడ అడుగుదామా అన్నారు. అది మా అన్న ఇల్లు. వదిన బయటికొచ్చి నన్ను చూసి మురిసిపోయి లోపలికి పిలిచింది. వంటగదిలో పొయ్యి మీదుగా ఈ గోడకూ ఆ గోడకూ తాడు కట్టి ఉంది. దాని మీద అన్న బనీన్లు, పిల్లల స్కూలు బట్టలు వేలాడుతున్నాయి. ఆ తాడు కింద కూర్చుని నేను ఎన్నిసార్లు అన్నం తిన్నానో. తడి బట్ట మొహానికి తగులుతుంటే పక్కకు జరిపి తినేదాన్నే తప్ప, ఇది ఇక్కడెందుకుందని ఒక్కనాడూ అడగలేదు. బయట ఆరేస్తే ఏమైతదని సార్ అడిగారు. మళ్ల ఉతకాలె సార్, అంది వదిన మామూలుగా. ఆయన రాసుకున్నారు.

అన్న ఆ ఫ్యాక్టరీలోనే డ్రమ్ముల దగ్గర పని చేసేవాడు. మా నాన్న ఝరాసంగం దగ్గర కంది చేలో పాము కుట్టి పోయినప్పుడు అన్న తొమ్మిదో తరగతి. వాడు బడి మాని పనికి పోయాడు, నేను డిగ్రీ దాకా చదివాను. నా ఉద్యోగం వాడి కాయకష్టం మీద మొలిచింది. ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు, సార్‌కు కూడా. వదిన నోరు జారి చెప్తుందేమోనని ఆ పొద్దు నేను పడ్డ అవస్థ నాకే తెలుసు.

అసలు పరీక్ష ఆ ఏటి లైసెన్సులప్పుడు వచ్చింది. ఊళ్లోని కిరాణా కొట్లు, పిండి గిర్నీలు, టైలర్లు, అందరి లైసెన్సులూ ఒకే జాబితాగా కౌన్సిల్ ముందుకు వస్తాయి. నేను అంశం నంబరు చదువుతాను, సభ్యులు ఆమోదం అంటారు, ఒక్క ఊపిరిలో అయిపోతుంది. ఆ జాబితా మధ్యలో టైర్ల ఫ్యాక్టరీ కూడా ఉంది. దానికి లైసెన్సు పొడిగించవద్దని సార్ రాసిన రిపోర్టు, దండేల లెక్కతో సహా, ఎజెండాకు జత చేయాలి. జత లేకపోతే ఎవరూ అడగరు. ఇంకో ఏడాది దాని జోలికి ఎవరూ పోలేరు.

ఎజెండా పంపాల్సిన ముందు రోజు అన్న మా ఇంటికొచ్చాడు. కూర్చోలేదు. ఫ్యాక్టరీ బందైతే తనకు ఇంకెక్కడా పని రాదని, జహీరాబాద్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో చదువుకున్నవాళ్లనే తీసుకుంటారని, పిల్లల ఫీజులు నెత్తి మీదున్నాయని చెప్పాడు. చివరికి ఒక్క మాట అన్నాడు. "నేనేం అడుగుత లేను చెల్లె. నువ్వేం చెయ్యకు, గంతే."

నేను ఏమీ చేయలేదు. చేయాల్సిన పని చేయలేదు. రిపోర్టు జత చేయకుండానే ఎజెండా పంపించాను. ఆ మూడు రోజులూ అటెండరు చాయ్ తెచ్చి పెడితే ఉలిక్కిపడేదాన్ని.

మీటింగు రోజు పొద్దున సార్ నా బల్ల దగ్గరికి వచ్చి ఎజెండా కాపీ అడిగారు. నిలబడే తిప్పారు. చివరి పేజీ దాకా పోయి మళ్లీ మొదటి నుంచి తిప్పారు. నేను కంప్యూటరు వైపే చూస్తున్నాను, అది ఆన్ కూడా చేయలేదు. ఆయన గొంతు తగ్గించారు.

"మరిచినవా, తీసినవా?"

మరిచిపోయిన సార్, అన్నాను. అబద్ధం. నా చెవులకే తెలిసిపోయింది. ఆయనకు కోపమొస్తే బాగుండుననుకున్నాను, అరిస్తే నేనూ అరిచేదాన్ని. ఆయన కాపీ మడిచి బల్ల మీద పెట్టారు.

"మరిస్తే ఇంకా అర్ధగంట టైమున్నది," అని వెళ్లి మీటింగు హాల్లో వెనక వరుసలో కూర్చున్నారు.

ఆ అర్ధగంట నా జన్మలో అన్నిటికన్నా పొడుగైనది. ఎజెండాలో లేనిదాన్ని మీటింగు రోజు బల్లల మీద పెడితే దాన్ని టేబుల్ ఎజెండా అంటారు. కమిషనర్ సంతకం ఒక్కటి చాలు. అంటే దారి ఉంది, ఆ దారి నా చేతిలోనే ఉంది. బీరువా తెరిచాను, మూశాను. అన్న బడి సంచీ నా భుజానికి తగిలించి పనికి పోయిన రోజు కళ్ల ముందుకు వచ్చింది. వెంటనే వంటగది తాడు మీద వాడి బనీన్లు కనిపించాయి, అవి తెల్లవి కావు, ఎన్నడూ తెల్లగా లేవు. వాడి దగ్గు వినిపించింది. కమిషనర్ కారు ఆఫీసు ముందు ఆగిన చప్పుడైంది. రిపోర్టు తీసుకుని ఎదురుపోయాను. సంతకం పెట్టించుకుని, జిరాక్స్ తీసి, ప్రతి కౌన్సిలర్ బల్ల మీదా నా చేత్తోనే పెట్టాను.

మీటింగులో జాబితా చదివాను. అలవాటు కొద్దీ ఇద్దరు ఆమోదం అనేశారు. మూడో వార్డు కౌన్సిలర్ కాగితం చేతికి తీసుకుని నవ్వాడు. ఈ బట్టల లెక్కేంది, మున్సిపాలిటీనా చాకిరేవా అన్నాడు. హాలంతా నవ్వింది. ఫ్యాక్టరీ యజమాని తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, ఆయనా నవ్వాడు. చైర్‌పర్సన్ సార్‌ను వివరణ అడిగారు. ఆయన లేచి, కౌన్సిలర్‌కు నమస్కారం పెట్టి, ఒకే ప్రశ్న వేశారు.

"మీ ఇంట్ల బట్టలు ఎక్కడ ఆరేస్తున్రు సార్?"

కౌన్సిలర్ కాగితం కేసి చూశాడు. దాన్ని బల్ల మీద పెట్టి, లోపలనే, అన్నాడు. ఆ పక్కనున్న మహిళా కౌన్సిలర్, మావి కూడా లోపలనే, అంది. ఇంకొకామె, నేనైతే తెల్ల చీరలు కట్టుడే మానుకున్న, అంది. తర్వాత ఎవరూ నవ్వలేదు. పొగను ఆపే ఏర్పాటు చేసేదాకా లైసెన్సు లేదు, ఫ్యాక్టరీ నడపరాదు అని తీర్మానమైంది. దాన్ని పుస్తకంలో నేనే రాశాను. మా అన్న కూడును నా చేత్తో తీసేస్తున్నానని తెలిసే రాశాను.

యజమాని ఏర్పాటు ఏమీ చేయలేదు. నెలలోపు డ్రమ్ములన్నీ లారీలకెక్కించుకుని ఎటో వెళ్లిపోయాడు. పోయినచోట దండేలు చూసే మనిషి ఉన్నాడో లేడో. అన్న జహీరాబాద్ అల్లం మార్కెట్‌లో మూటలు మోసే పనిలో చేరాడు, కూలి సగానికి పడిపోయింది. నా మీద అరవలేదు, మాట మానేశాడు. రాఖీ పున్నమికి పోతే ఇంట్లో లేడు. మరుసటి ఏడూ లేడు. రెండుసార్లూ వదిన రాఖీ తీసుకుని గూట్లో పెట్టింది.

అన్న మాట మానేసిన సంగతి నేను ఏడుస్తూ చెప్పిన రోజు సార్ ఒక్కరే అన్న ఇంటికి పోయారు. ఆ ఇంటికి బట్టల గురించి అడగడానికి పోయినప్పుడే గోడ మీది ఫోటోలో నన్ను చూశారట, అంటే మీటింగు నాటికే ఆయనకు అంతా తెలుసు. అన్న ఆయన్ను గడపలోనే నిలబెట్టి నోటికొచ్చినట్టు తిట్టాడని వదిన చెప్పింది. తిడుతూ తిడుతూ అన్నకు దగ్గు తెర వచ్చిందట. సార్ జేబులోంచి శొంఠి తీసి విరిచి ఇచ్చారట. అన్న తీసుకోలేదు, ఆయన గడప మీద పెట్టి వచ్చేశారు. నేను క్షమించమని అడగబోతే ఆపేశారు.

"తిట్టనియ్యి బిడ్డా. పని పోయినోనికి తిట్టుడన్న ఉండాలె గదా."

తర్వాత కూడా రెండు మూడు నెలలకోసారి పోయేవారు. ఒకసారి ఎక్కడో అన్నకు పని దొరికేటట్టుందని చెప్పడానికి, ఒకసారి ఊరికే. అన్న మాట్లాడేవాడు కాదట. ఈ పట్టింపు నాకు అర్థమయ్యేది కాదు. ఎందుకు సార్ అంటే, తీర్మానం కౌన్సిల్ చేసింది గానీ రిపోర్టు నేను రాసిన గదా, అనేవారు. మీటింగు పొద్దు నేనాడిన అబద్ధం గురించి మాత్రం ఆయన చివరిదాకా ఎత్తలేదు. నిజం చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. చెప్పలేదు. ఇప్పుడిక్కడ రాస్తున్నాను సార్, మరవలేదు, తీశాను.

ఆ రోజు నేను జహీరాబాద్ పోయేసరికి వాకిట్లో జనం నిండి ఉన్నారు. ఆయన్ను దగ్గరగా చూసి, ఆడవాళ్లతో లోపల కూర్చున్నాను. మగవాళ్లు ఎవరెవరు వచ్చారో, పాడె వెంట ఎవరు పోయారో చూడలేదు. వాళ్లు వెళ్లిన తర్వాత కూడా చాలాసేపు ఆ ఇంట్లోనే ఉండి, పొద్దు వాలుతుండగా ఆటో ఎక్కాను.

మూడో వార్డు మలుపులో ఆటో ఆగింది, నేనక్కడే దిగిపోయాను. అన్నకు ఈ కబురు నేనే చెప్పాలనిపించింది, వాడు మొహం తిప్పుకున్నా సరే. కానీ చావింటి నుంచి వస్తున్నదాన్ని, తలస్నానం చేసి ఒంటి మీది బట్టలు తడపనిదే ఎవరి గడపా తొక్కకూడదు. అందుకని సార్ లాగే గల్లీలో నిలబడి తలెత్తి చూశాను.

వదిన పొద్దున ఆరేసిన బట్టలు ఎప్పుడో తీసేసినట్టుంది, మిద్దె మీద దండెం ఖాళీగా ఉంది. ఒక్క జత తప్ప. అన్న పండుగలకు వేసుకునే తెల్ల చొక్కా, లుంగీ, భుజం మీది తువ్వాల. అప్పుడే తడిపినవి, పిండను కూడా పిండలేదు, చుక్కలు చుక్కలుగా నీళ్లు కారుతున్నాయి.