తలుపు కింద పోగు

అనుమానించడం నా ఉద్యోగం. సూరత్‌లో క్షయ నమూనాలు పరీక్షించే ఒక ప్రైవేటు ల్యాబ్‌లో నాణ్యత చూసే అధికారిని నేను. రోగక్రిములు బయటికి రాకుండా మూసి ఉంచే గది ఒకటుంది అక్కడ. ఆ గదిలోకి గాలి పోవాలే తప్ప, అందులోంచి బయటికి రాకూడదు. తలుపు పక్కన గోడ మీద ఉన్న మీటరు ముల్లు మైనస్ ముప్పై దగ్గర ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. రోజూ పొద్దున ఆ అంకె రిజిస్టర్‌లో రాస్తారు. కింద నేను పద్మారాణి అని సంతకం పెడతాను.

బయటివాళ్ల ఆడిట్ వారం ఉందనగా నా కన్ను జమున మీద పడింది.

జమున కాంట్రాక్టు మీద వచ్చి మా కారిడార్ తుడిచే మనిషి. సిరిసిల్ల వైపు నుంచి కోడలిగా సూరత్‌లోని లింబాయత్ పేటకి వచ్చి, పవర్‌లూమ్ షెడ్డులో ఇరవై ఏళ్లు బాబిన్లు చుట్టింది. షెడ్డు మూతపడ్డాక మా దగ్గర చేరింది. మా నాన్నదీ మగ్గాల పనే కాబట్టి ఆమె మాట వింటే నాకు ప్రాణం లేచొచ్చేది. కానీ నచ్చిన మనిషి కదా అని వదిలేస్తే నాకు జీతమెందుకు?

సోమవారం కెమెరాలో చూశాను. ఆ గది తలుపు దగ్గర వంగి, అటూ ఇటూ చూసి, కింద ఏదో సర్దుతోంది. మంగళవారం మాస్క్ పెట్టుకుని తుడుస్తోంది. లోపల పనిచేసేవాళ్లు పెట్టుకునే రకం అది. కారిడార్‌లో ఎవరూ పెట్టుకోరు. ఎక్కడిదని అడగబోయేలోగా తనే ఇంకొకటి నా చేతికివ్వబోయింది.

"జర పెట్టుకోండ్రి మేడం. ఈడ ఎక్కువసేపు నిలబడకుండ్రి."

నన్నే పంపించెయ్యాలని చూస్తోందే! మాస్క్ తీసుకోలేదు. పంతం కొద్దీ పది నిమిషాలు అక్కడే నిలబడ్డాను. మాస్కులు స్టోరులోంచి తీసింది, నన్ను మంచి చేసుకోవాలని చూసింది అని నోట్సులో రాసుకున్నాను.

బుధవారం ఆ తలుపు ముందు ముచ్చట్లాడుతున్న ఇద్దరు టెక్నీషియన్లను కసిరి తరిమేసిందని విన్నాను. ఇక ఆగలేదు. ఆమెను మార్చమని కాంట్రాక్టర్‌కి ఉత్తరం టైపు చేయించాను. మార్చడమంటే తీసెయ్యడమేనని నాకు తెలుసు.

సంతకం పెట్టేముందు సాక్ష్యం కోసం వెళ్లి తలుపు దగ్గర వంగాను. అడుగంచుకి టేపుతో అంటించిన జానెడు నూలుపోగు వేలాడుతోంది. జమునను పిలిచాను.

"ఇదేంటి? ఎవరు కట్టమన్నారు?"

"ఎవలు జెప్తరు మేడం? షెడ్డుల పొల్లగాన్ని పక్కకేసుకొని బాబిన్లు చుడుదును. గాలిల దూది నూగు ఎటు దిక్కు వోతుందో ఎర్కయేటందుకు కిటికీకి పోగు గట్టేది. ఈడ గూడ గట్టిన. రోజు తలుపు సందుల కెళ్లి లోపలికి గుంజుతుండె. సోమారం కెళ్లి గుంజుతలేదు."

"మీటర్ సరిగ్గానే ఉందిగా!"

"ముల్లు ఉన్నకాన్నే ఉన్నది. మిషన్లు జూసే పరమేశ్వర్ సారుకు జెప్పిన, నవ్విండు. మీకు జెప్దామంటే మీరు దొంగను జూసినట్టు జూస్తిరి."

మీటర్ వైపు చూశాను. మైనస్ ముప్పై. గాజు మీద వేలితో కొట్టాను. కదల్లేదు. కోపంతో గట్టిగా కొట్టాను. ముల్లు ఒక్కసారిగా జారి సున్నా దగ్గర పడింది. అప్పటిదాకా ఆ ముల్లునే నమ్ముకున్న అలారం మోగడం మొదలెట్టింది.

వెంటనే గది మూయించాం. పైకెళ్లి చూస్తే గాలి లాగే ఫ్యాన్ బెల్టు తెగి ఉంది. మూడు రోజులుగా లోపల నమూనాలు తెరుస్తూనే ఉన్నారు. మూడు రోజులూ మైనస్ ముప్పై, కింద నా సంతకం. రిజిస్టరు రెండు నెలలు వెనక్కి తిప్పినా అదే అంకె. వానల్లోనూ, కరెంటు పోయిన రోజుల్లోనూ ఇసుమంతైనా కదల్లేదు. ముల్లు ఎప్పుడు బిగుసుకుపోయిందో ఎవరికీ తెలీదు. మనుషుల మీద ఇంత అనుమానపడే నాకు ఆ అంకె మీద ఒక్కరోజూ అనుమానం రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

మాస్కులు కూడా స్టోరువి కావు. జమున మెడికల్ షాపులో కొనుక్కున్నవి, నాకివ్వబోయిన దానితో సహా.

ఉత్తరం చించేశాను. రిపోర్టులో బాధ్యుల గడిలో నా పేరే రాశాను. అందరికీ ఛాతీ ఎక్స్‌రేలు తీశారు. ప్రస్తుతానికి ఎవరికీ ఏమీ లేదు, రెండు నెలలాగి మళ్లీ రమ్మన్నారు. ఆ మంగళవారం పది నిమిషాలు గుర్తొస్తే ఇప్పటికీ భయమేస్తుంది. తప్పైందని జమునతో అంటే, "సరే తియ్యిండ్రి" అంది. మొహం మాత్రం విచ్చుకోలేదు.

ఫ్యాన్ బెల్టు మార్చి గది మళ్లీ తెరిచాక, రోజూ పోగు చూసి రాయాలని రిజిస్టరులో కొత్త గడి పెట్టించాను. ఆ పని జమునకే ఇచ్చాం. మొదటిరోజు రిజిస్టరు తెచ్చింది. నేను అలవాటుగా పెన్ను తీశాను. ఆమె రిజిస్టరు వెనక్కి లాక్కుంది.

"మీరు జూసిండ్రా?"

"నువ్వు చూశావుగా అక్కా."

"నేను జూసింది నేను రాసిన. మీ సంతకానికి మీరు జూడాలె. రాండ్రి."

ఆమె వెనకే కారిడార్ చివరిదాకా నడిచాను. తలుపు ముందు మోకాళ్ల మీద కూర్చుని వంగాను. పోగుని గాలి లోపలికి లాగుతోంది. నేను లేచి, లాగుతోందని పైకి చెప్పాక అప్పుడిచ్చింది రిజిస్టరు.