కంప్యూటర్లో మా పెద్దమ్మ

కంప్యూటరు గదిలోకి చెప్పులు బయట విడిచి వెళ్ళిన తరం మాది. ఆ రోజుల్లో ఆ యంత్రం మీద మాకున్న భక్తి ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. మాకెవ్వరికీ లేని ఏసీ దానికుండేది. సాయంత్రమైతే దానికి ముఖమల్ గుడ్డ కప్పి తాళం వేసేవాళ్ళం. నేనప్పుడే చదువు ముగించి ప్రొద్దుటూరు వైపు ఒక మెడికల్ కాలేజీలో ట్యూటరుగా చేరాను. క్యాంటీనుకూ, సెలూనుకూ కూడా మెడలో స్టెతస్కోపుతోనే వెళ్ళే వయసు. (సెలూనాయన ఒకసారి దాన్ని తీయించి, "ఇది ఉంటే మెడ యాడుందో కనపడదప్పా" అన్నాడు.) నాకు తెలియని జబ్బు లోకంలో లేదని నాకు గట్టి నమ్మకం ఉండేది.

మా విభాగానికి పెద్ద అయినాయన్ను అందరం పెద్దసారు అనేవాళ్ళం. ఆయన ఎక్కడి నుంచో ఒక సాఫ్ట్‌వేర్ తెప్పించాడు. అందులో ఒక పేషెంటు ఉంటుంది. విద్యార్థి ఒక్కో ప్రశ్న ఎంచుకుంటే జవాబు చెబుతుంది. ఆ జవాబులను బట్టి ఆలోచించి, పరీక్షలు రాసి, జబ్బేమిటో తేల్చి మందివ్వాలి. సరిగా చేస్తే కోలుకుంటుంది, తప్పు చేస్తే చనిపోయిందని తెర మీద ఎర్రటి అక్షరాలు పడతాయి. దాంతోపాటు వచ్చిన పేషెంట్లంతా చలి దేశాలవాళ్ళు. ఒక్కొక్కరికి ఒక్కటే జబ్బు, అడిగినదానికి అడిగినంతే జవాబు. పెద్దసారు వాళ్ళను చూసి పెదవి విరిచాడు. "ఇట్లాంటి పేషెంటు నా సర్వీసులో తగల్లేదప్పా. మనోళ్ళను తయారు చెయ్యి. సుగరు, బీపీ, మోకాళ్ళు అన్నీ కలిసి ఉండాల. పిల్లోళ్ళు తల పట్టుకోవాల" అని ఆ పని నా నెత్తిన పెట్టాడు.

నాకు వెంటనే పులివెందుల పెద్దమ్మ గుర్తొచ్చింది. మా అమ్మకు అక్క. అక్కడ వాళ్ళకు చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉంది. పెద్దసారు చెప్పినవన్నీ ఆమెకున్నాయి, పైగా కొత్తగా తల తిరుగుడు పట్టుకుంది. జమ్మలమడుగులో మా ఇంటికొస్తూ బస్టాండులోనే కళ్ళు తిరిగి పడిపోయింది. మోచెయ్యి దోక్కుపోవడంతో సరిపోయింది గానీ, మళ్ళీ పడి తుంటి విరిగితే మంచానికే పరిమితమని అందరికీ భయం. పెద్దనాయన బస్సు మాన్పించాడు, తోటకు పోవడం మాన్పించాడు. బస్సులో పక్క సీటువాళ్ళ కష్టసుఖాలన్నీ కనుక్కునే మనిషి ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చుంటే చూడలేకపోయేవాణ్ణి. నా దగ్గరకు తీసుకొచ్చిన ప్రతిసారీ బీపీ ఎక్కువే ఉండేది. బస్టాండు సంగతికి ముందే నేనొక మాత్ర రాశాను, తర్వాత దాన్నే పెంచాను. తల తిరుగుడు తగ్గకపోగా ఎక్కువైంది. అప్పుడు నాకు పాఠ్యపుస్తకంలో చిన్న అక్షరాల్లో ఉండే ఒక అరుదైన జబ్బు తట్టింది, మూత్రపిండం పైనుండే గ్రంథిది. (పెద్దమ్మకు అంత గొప్ప జబ్బు ఉన్నందుకు లోలోపల కొంచెం గర్వపడ్డాను కూడా.) దాన్నే సరైన జవాబుగా పెట్టి పెద్దమ్మను కంప్యూటర్లోకి ఎక్కించాలని పులివెందులకు బయల్దేరాను.

ఆ సాఫ్ట్‌వేర్ ఒక్క ప్రశ్నను కూడా ఖాళీగా వదలనివ్వదు. అందుకని అన్నీ పెద్దమ్మనే అడిగాను. "రోజూ ఎన్ని గ్లాసుల వైను తాగుతావు పెద్దమ్మా?" అంటే, "నీ మొగం మండ! డాక్టరు చదువంటే ఇదేనా? మీ అమ్మతో చెప్తాండా ఉండు" అంది. పెంపుడు జంతువులేమున్నాయంటే రెండు బర్రెలంది. యంత్రానికి కుక్క, పిల్లి, చిలక తప్ప తెలియవు. ఉన్నవాటిలో పెద్దదని ఆ రెండు బర్రెలనూ కుక్కలుగా రాశాను. ఏం మందులు వాడుతున్నావంటే, "డాక్టరిచ్చినవే నాయనా. ఒక్క పూట తప్పకుండా మింగుతాండా" అంది. ఆ డాక్టరు నేనే గదా అన్న ధీమాతో నా మాత్ర పేరు రాసుకుని చక్కా వచ్చేశాను.

పిల్లలకు ఆ పాఠం పెట్టిన రోజునే పెద్దనాయన పెద్దమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. మరుసటి వారం వేలూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి ఆ గ్రంథి సంగతి తేల్చుకోవాలని నేనే చెప్పి ఉన్నాను. ఆయన వరండాలో కూర్చుంటే, ఆమె చెప్పులు విడిచి, సంచి చంకన పెట్టుకుని, కంప్యూటరు గది గుమ్మంలో నిలబడింది. లోపల అప్పటికే తరగతిలో సగం మంది ఆమెను చంపేశారు. తెనాలి నుంచి వచ్చి చేరిన ఒక అమ్మాయి ఎర్ర అక్షరాల ముందు కళ్ళు తుడుచుకుంటోంది.

"ఎందుకమ్మా ఏడుస్తాండావు?" అంది పెద్దమ్మ.

"మా పేషెంటు చనిపోయిందండీ. నేనే చంపేశాను."

"అయ్యో పాపం! ఎవురమ్మా ఆమె? ఏ ఊరు?"

"పులివెందులండీ. చీనీ తోట ఉందట. రెండు పెద్ద కుక్కలు కూడా ఉన్నాయట."

"పులివెందులలో చీనీ తోట, రెండు కుక్కలా? ఎవురబ్బా?" అని పెద్దమ్మ ఊళ్ళోవాళ్ళందరినీ తలుచుకోవడం మొదలుపెట్టింది. ఇక లాభం లేదని, "నువ్వే పెద్దమ్మా" అన్నాను. గదంతా నవ్వులు.

"నేనా! సచ్చిపోయినానా!" అని ఆ అమ్మాయి పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. "ఏడవొద్దులేమ్మా, ఈడనే ఉండా గదా. నన్ను మళ్ళా లేపు, నేను చెప్తా" అంది. నేను పెద్దనాయనకు టీ ఇప్పించడానికి క్యాంటీనుకు వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి పిల్లలంతా పెద్దమ్మ చుట్టూ మూగి ఉన్నారు. తెనాలి అమ్మాయి లేచి నిలబడి, "సార్, ఈవిడ మీతో చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారండీ" అని ఆగి, పెద్దమ్మ సంచి వైపు చూసింది. అందులో మూడు రంగుల మాత్రలున్నాయి. ఒకటి పులివెందుల డాక్టరిచ్చింది, ఒకటి ప్రొద్దుటూరు డాక్టరిచ్చింది, ఒకటి నాది. పేర్లు వేరైనా బీపీ మందు ఒకటే. రోజూ పొద్దున్నే మూడూ కలిపి మింగుతోంది, బీపీ మరీ పడిపోయి తల తిరుగుతోంది. డాక్టరు దగ్గరకు పోయే రోజు మాత్రం పరగడుపున పోవాలి గదా అని ఒక్కటీ వేసుకోదు. అందుకే ఎవరు చూసినా బీపీ ఎక్కువే, ఎక్కువ ఉంది గదా అని ముగ్గురమూ మాత్ర పెంచాము. మా పెద్దమ్మ బస్టాండులో పడిపోవడంలో నా చెయ్యి కూడా ఉందన్నమాట.

"ఎందుకు పెద్దమ్మా ఇట్లా చేసినావు?" అన్నాను.

"ఏం చేసేది నాయనా? మా ఊరి డాక్టరు మీ పెద్దనాయనకు దోస్తు. ప్రొద్దుటూరాయప్ప శానా పెద్ద డాక్టరు. ఒగరి ముందర ఇంగొగరి పేరెత్తితే నొచ్చుకోరా? ఇంగ నువ్వు నేనెత్తుకుని పెంచిన బిడ్డవి. నువ్విచ్చిన మాత్ర పక్కన పెడితే నాకు ముద్ద దిగుతాదా?"

"మరి ఈ పాపకెట్లా చెప్పినావు?"

"పాప ఇంకా డాక్టరు కాలేదు గదప్పా. ఆమె ఎందుకు నొచ్చుకుంటాది?"

గుమ్మంలో నిలబడి అంతా విన్న పెద్దసారు, "నీ గ్రంథి యాడికి పోయిందప్పా?" అని నా భుజం తట్టి వెళ్ళిపోయాడు. వేలూరు ప్రయాణం ఆగిపోయింది. జాగ్రత్తగా చూసుకుంటూ మాత్రలు తగ్గించాం. కొన్నాళ్ళకు పెద్దమ్మ ముద్దనూరు మీదుగా జమ్మలమడుగుకు ఒక్కతే బస్సులో వచ్చి దిగింది, పక్క సీటామె కూతురి పెళ్ళి కబుర్లతో సహా. ఆ రోజు నాకు కలిగిన సంతోషం డాక్టరు పట్టా చేతికొచ్చిన రోజు కూడా కలగలేదు. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ఒక మీట అదనంగా పెట్టించాను, "డాక్టరును బయటికి పంపు" అని. అది నొక్కితే తప్ప మా పెద్దమ్మ నిజం చెప్పదు.

ఆ కంప్యూటరు ఎప్పుడో పాత సామాన్లలోకి పోయింది. పెద్దమ్మ కూడా లేదు. (నిండుగా బతికి, ఎక్కడా పడకుండానే పోయింది.) తెనాలి అమ్మాయి ప్రొద్దుటూరులోనే స్థిరపడి పెద్ద డాక్టరైంది, మాట కూడా మా సీమ మాటే అయిపోయింది. ఈమధ్య నాకు తల తిరుగుతుంటే ఆమె దగ్గరికే వెళ్ళాను. "ఇంకెవురికన్నా చూపించుకుంటాండారా సార్?" అని అడిగింది. జేబులో నా పాత స్నేహితుడు రాసిచ్చిన మాత్రల పట్టీ ఉంది. చెబితే ఈ పిల్ల నొచ్చుకుంటుందేమో అనిపించింది. "లేదమ్మా" అనేశాను.

ఆమె నా వైపు ఒక్క క్షణం చూసి నవ్వింది. స్టెతస్కోపు తీసి బల్ల మీద పెట్టి, "టీ తాగొస్తా సార్" అని బయటికి వెళ్ళింది. వెంటనే ఇంకా డాక్టరు చదువులోనే ఉన్న ఒక అమ్మాయి లోపలికొచ్చి, నా పక్కన స్టూలు వేసుకుని, "చెప్పండి సార్" అంది. తలుపు సరిగా మూసుందో లేదో ఒకసారి చూసుకుని, నేను జేబులో చెయ్యి పెట్టాను.