శనివారం రొట్టె

నెలకొకసారి, మొదటి ఆదివారం మా తెలుగు క్రైస్తవ సంఘంలో ప్రభు భోజనం. దానికి కావలసిన రెండు రొట్టెలు శనివారం టాటానగర్‌లో, అగ్రికో కాలనీలోని మా క్వార్టరులో తయారయ్యేవి. చేసేది నాన్నమ్మ. ఉప్పు లేదు, నూనె లేదు, ఉత్త గోధుమ పిండి, నీళ్లు. వాటిని కాల్చే పెనం వంటింట్లో విడిగా ఒక మేకుకు వేలాడేది. దాని మీద ఇంకేదీ కాల్చకూడదు. శ్రీకాకుళం వైపు నుంచి కొత్త కోడలిగా వచ్చి టాటానగర్ స్టేషన్లో దిగిన ఏడాదే ఆ పని ఆవిడ చేతికి వచ్చిందట. రొట్టెలు కాలుతుంటే వీధి మలుపు దాకా వచ్చే ఆ వాసన ఇప్పుడు తలుచుకున్నా నాకు ఆకలేస్తుంది.

నాన్న కార్ఖానాలో ఇన్‌స్పెక్షన్‌లో పనిచేసేవారు. లోపమున్న ఇనుప ముక్క మీద సుద్దతో ఇంటూ గీసి పక్కకు నెట్టించడం ఆయన ఉద్యోగం. సంఘంలో పెద్ద కూడా. ఫిట్, రిజెక్ట్ తప్ప మధ్యలో ఇంకోటి ఆయనకు తెలీదు. ఇంట్లోనూ అంతే. తీర్పు దినాన దేవుడు కూడా సుద్దముక్క పట్టుకునే నిలబడతాడని నేను చాలాకాలం నమ్మాను.

నాకు పదేళ్లప్పుడు ఒక శనివారం బడి నుంచి వచ్చేసరికి కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. నాన్నమ్మ పెరట్లో బట్టలు తీస్తోంది. రొట్టెలు తెల్ల గుడ్డలో చుట్టి బీరువా మీద ఉన్నాయి. కుర్చీ వేసుకుని ఎక్కి, ఒక అంచు తుంచాను. రుచీ పచీ లేదు. అయినా ఇంకో ముక్క తుంచాను, ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. బాప్తిస్మం కాని పిల్లలు ఆ రొట్టె ముట్టకూడదు. తగని స్థితిలో తిన్నవాళ్లు తీర్పును కొనితెచ్చుకున్నట్టేనని పాస్టరుగారు ప్రతి నెలా హెచ్చరించేవారు. ముక్క గొంతు దిగేలోపే ఆ మాట గుర్తొచ్చింది.

సాయంత్రం గుడిలో జరిగే సిద్ధపాటు కూడికకు రొట్టెలు పట్టుకుని బయల్దేరుతూ నాన్న గుడ్డ విప్పి చూశారు. నేను దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. ఆయన నా వంక చూడనే లేదు, నాన్నమ్మ వంక చూశారు. అప్పటికే ఆవిడకు మతిమరుపు మొదలైంది. అన్నం తిన్న సంగతి మరిచిపోయి మళ్లీ కంచం ముందు కూర్చునేది. ఇదెవరు తిన్నారని నాన్న అడిగారు. నాన్నమ్మ తెగిన అంచును వేళ్లతో తడిమి చాలాసేపు ఆలోచించింది.

"నానే తినీసినానేమోరా. ఈమద్దెన ఏదీ గుర్తుండట్లేదు," అంది.

రేపు ప్రభు భోజనంలో పాలుపొందవద్దని, వచ్చే నెల నుంచి రొట్టెల పని ఇంకొకరికి అప్పజెబుతామని నాన్న చెప్పారు. కన్నతల్లి మీదే ఇంటూ గీసేశారు. ఆవిడ మళ్లీ రెండు రొట్టెలు కాల్చి ఇచ్చి, పెనం కడిగి, మేకుకు తగిలించింది. అప్పుడైనా నేను నోరు విప్పానా? నాకు నోరెక్కువని వీధి వీధంతా చెప్పుకునేవారు. అవసరానికి ఆ నోరు ఎటు పోయిందో! ఆ సిగ్గు నన్నింకా వదల్లేదు.

ఆదివారం సాక్చిలోని మా సంఘం గుడిలో రొట్టె పళ్లెం వరసల వెంట సాగుతుంటే ఆడవాళ్ల వైపు నుంచి పాట ఎత్తాలి. ఎత్తేది ఎప్పుడూ నాన్నమ్మే. ఆ రోజు ఎత్తదనుకున్నాను. పళ్లెం పట్టుకున్న నాన్న ఆవిడ ముందు ఆగకుండా వెళ్లిపోయారు. నాన్నమ్మ కొంగు తల మీదకు లాక్కుని, ఎప్పటిలాగే పాట ఎత్తింది. దేవుడు తనను పక్కన పెట్టాడనుకుంటూనే ఆయన్ని స్తుతిస్తోంది. తప్పించుకున్న నేను మాత్రం ఆ పాటలో గొంతు కలపలేకపోయాను.

నేను లేచి, "మైనే ఖాయా థా" అని ఏడ్చేశాను. తిన్నది నేనేనని చెప్పడానికి ఆ క్షణాన తెలుగు కూడా రాలేదు, బడిలో దెబ్బలాడుకునే హిందీయే వచ్చింది.

పాట ఆగిపోయింది. నాన్న పళ్లెం పక్కాయనకిచ్చి, వచ్చి, చాప మీద నాన్నమ్మ ఎదుట మోకాళ్లూని, తప్పు తనదన్నారు. పదిమందిలో ఆయన తల వంచడం నేనెప్పుడూ చూడలేదు.

"పాట మద్దెలో ఆపకూడదురా. లెగు, పల్లెం అట్టుకో," అంది నాన్నమ్మ.

ఆయన పళ్లెం తెచ్చి ఆవిడకిచ్చారు. తను మాత్రం ఆ నెల రొట్టె తీసుకోలేదు. నన్ను కొట్టనూ లేదు. ఇంటిదాకా ఆటోలో నా చెయ్యి పట్టుకునే కూర్చున్నారు. సుద్దముక్క పట్టుకున్న దేవుణ్ణి ఆ తర్వాత నేను ఎంత ప్రయత్నించినా ఊహించుకోలేకపోయాను.

ఇప్పుడు నాన్నమ్మ లేదు. రొట్టెలు అదే పెనం మీద నేను చేస్తాను. నాన్న నా దగ్గరే ఉంటారు. తల్లి మరుపు కొడుక్కీ వచ్చింది. పోయిన నెల శనివారం గుడ్డ విప్పేసరికి రొట్టె అంచు తెగి ఉంది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. ఆయన చొక్కా మీద తునకలున్నాయి. వాటిని చూసుకుని ఆయన ముఖం పాలిపోయింది.

"నేనే తినీసినానేటమ్మా?" అన్నారు.

"కాదు నాన్నా. తిన్నది నేనే."

అబద్ధమే. తీర్పు దినాన దానికి నేనే జవాబు చెప్పుకుంటాను. నాన్న అప్పుడూ నువ్వే, ఇప్పుడూ నువ్వే అని నవ్వారు. నేను మళ్లీ పిండి తడిపాను. రెండో రొట్టె పెనం మీద ఉండగా ముందు గదిలోంచి పాట వినిపించింది. వాళ్లమ్మ ఎత్తే పాటే. నాన్న మొదటి నుంచి చివరిదాకా పాడారు, ఒక్క మాట కూడా మరిచిపోలేదు.