రజియా పెట్టిన ద్రాక్ష ఊరగాయ

మా పక్కింటి రజియా బేగం మంచిది కాదు అనడానికి ఇరవై రెండేళ్ళలో నాకు ఒక్క కారణమూ దొరకలేదు. నా బాధంతా అదే. ఏదో ఒక చెడ్డగుణం ఉంటే హాయిగా తిట్టుకునేదాన్ని.

గిద్దలూరు నుంచి కొత్త పెళ్ళికూతురుగా కంభం వచ్చినప్పుడు ఆమెకు పందొమ్మిదేళ్ళు. భర్త నిజాముద్దీన్‌కు బస్టాండు దగ్గర గాజుల దుకాణం. వచ్చిన ఏడాదికే కుట్టుమిషన్ కొనుక్కుని మా బజారు ఆడవాళ్ళ జాకెట్లన్నీ తన చేతికి తెచ్చుకుంది. ఇంట్లోవాళ్ళతో ఉర్దూ, మాతో తెలుగు, రెండూ నవ్వుతూనే మాట్లాడుతుంది. పుట్టిన ఇద్దరూ మగపిల్లలే. "నాకు ఆడపిల్ల లేదు కదక్కా, ఇందు నా బిడ్డే" అని మొదటిసారి అన్నప్పుడు నేనూ నవ్వాను. అప్పటికి నా కూతురు ఇందుకు మూడేళ్ళు. తర్వాత దాని స్కూలు యూనిఫాం ఆమే కుట్టింది, జడా ఆమే వేసింది. ఇందుకు ఆమె పిన్ని అయిపోయింది. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు నేను గడపలో నిలబడి ఉంటే, నన్ను దాటుకుని పక్కింట్లోకి పరిగెత్తి మార్కులు ముందు ఆమెకు చెప్పింది నా కూతురు. అది నేను మర్చిపోలేదు. మర్చిపోను కూడా.

ఈ ఏడాది శివరాత్రి వెళ్ళాక ఇందుకు మూడో నెల. అల్లుడు కురిచేడులో రైలెక్కించి తీసుకొచ్చి మా ఇంట్లో దింపిపోయాడు. మనిషి సగమైంది. ఏం తిన్నా వాంతి. చారు పెట్టాను, నిమ్మకాయ పులిహోర చేశాను, గోంగూర నూరాను. ఒక్కటీ కడుపులో నిలవలేదు. "ఏదో ఒకటి లోపల నిలిస్తే చాలమ్మా," అంది డాక్టరమ్మ. ఆ ఒకటి నా చేతిదై ఉండాలని నా కోరిక. కన్నదాన్ని, ఆ మాత్రం కోరుకోకూడదా?

మూడో రోజు రజియా ఎర్రమూత గాజు సీసాలో ద్రాక్ష ఊరగాయ తెచ్చింది.

"తల్లీ, పెరుగన్నంలో ఒక్క కాయ నంజుకో. నిలవకపోతే నన్నడుగు," అంది.

నిలిచింది. నా కళ్ళ ముందే పిల్ల గిన్నెడు పెరుగన్నం తిని, వేళ్ళు నాకి, హాయిగా నిద్రపోయింది. సంతోషించాను, అబద్ధం చెప్పను. కానీ ఆ సంతోషం పక్కనే కడుపు భగభగ మండింది. ఎండాకాలం వస్తే ఆవకాయ పెట్టించుకోవడానికి బజారంతా జాడీలు పట్టుకుని వచ్చేది ఈ కృష్ణకుమారి ఇంటికే. అలాంటి నా కూతురి నోటికి హితవైంది పక్కింటి ద్రాక్ష.

ఎలా పెట్టావని అడిగితే రజియా చెప్పేది. అడగడానికే నాకు నోరు రాలేదు. నాకు తెలియని ఊరగాయా అనుకుని, సంతలో రెండు కిలోల పుల్ల ద్రాక్ష తెచ్చాను. మాగాయకు చేసినట్టు ఉప్పులో ఊరేసి, మిద్దె మీద పాత చీర పరిచి ఎండబెట్టాను. మా ఊరి ఎండ సంగతి తెలిసి కూడా చేశాను, చూడండి నా తెలివి. మూడోనాటికి చీర నిండా ఉప్పు కిస్‌మిస్‌లు. మా ఆయన లక్ష్మీనరసయ్య ఒకటి నోట్లో వేసుకుని, "పాయసంలోకి ఎండబెట్టినావా ఏంది?" అన్నాడు. ఆ పూట ఆయనకు ఉత్త చారన్నమే పెట్టాను.

రెండోసారి ఎండ జోలికి పోలేదు. గుత్తుల నుంచి కాయలన్నీ చకచకా తెంపి, కడిగి, కారం కలిపాను. మర్నాటికి సీసాలో సగం నీళ్ళు. వారం తిరక్కుండా పైన తెల్లగా బూజు.

అప్పుడు సిగ్గు విడిచి మిద్దె ఎక్కాను. పిట్టగోడ మీంచి చూస్తే రజియా పెరడంతా కనిపిస్తుంది. బట్టలు ఆరేస్తున్నట్టు నటిస్తూ ఆరిపోయిన చీరనే నాలుగుసార్లు దులిపాను. ఆమె మళ్ళీ ద్రాక్ష పెడుతోంది. దారాలు తెంపే చిన్న కత్తెరతో ఒక్కో కాయనూ తొడిమతో సహా కత్తిరిస్తోంది. కాయను చేత్తో లాగితే తొడిమ ఊడి చిల్లి పడుతుంది, రసమంతా అందులోంచే కారిపోతుంది. నా సీసాలో నీళ్ళు ఎక్కడివో అప్పుడు తెలిసింది. కాయలను పొడిగుడ్డతో తుడిచి, నీడలోనే ఆరబోసింది. ఉప్పు, కారం, ఆవపిండి, మెంతిపిండి నాకు తెలిసినవే. నూనె కాచి, బాగా చల్లారాకే పోసింది.

మర్నాడు ఇందు పడుకున్నాక వంటింటి తలుపు వేసుకుని, అచ్చం అలాగే పెట్టాను. నాలుగు రోజులు ఊరనిచ్చి రుచి చూశాను. నన్ను నేను పొగుడుకోకూడదు గానీ, రజియా దానికంటే ఒక మెట్టు పైనే ఉంది.

ఇక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. చెడిపోయిన రెండు వాయిలూ ఇందు చూసింది. "నీ ద్రాక్ష వాసనకే తిప్పుతాందిమా," అని ముఖమ్మీదే అనేసింది. నాదని తెలిస్తే ముట్టుకోదు. రజియా ఇచ్చిన సీసా ఎలాగూ ఖాళీ అయిపోయింది. దాన్ని కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, నాది అందులో నింపాను. తిని బాగుందన్న మరుక్షణం నిజం చెబుదామనుకున్నాను.

ఇందు తిన్నది. మారు అన్నం అడిగింది. వచ్చిన దగ్గర్నుంచి మారు అడగడం అదే మొదలు.

"మా, ఈసారి పిన్ని ఇంకా బాగ పెట్టింది," అంది.

చెప్పడానికి నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే పిన్నిగారు గుమ్మంలో ప్రత్యక్షం, మెడలో కొలత టేపుతో.

"పిన్నీ, మొన్నటిదాని కన్నా ఇది ఎంత బాగుందో," అంది ఇందు.

రజియా సీసాలోకి చూసింది. ఒక కాయ తీసి కొరికింది. తర్వాత నన్ను చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఇది నేను పెట్టింది కాదు తల్లీ. మీ అమ్మ పెట్టింది. నాకంటే బాగ పెట్టింది."

ఇందు నవ్వింది. "ఊరుకో పిన్నీ. అమ్మకి ద్రాక్ష రాదు, రెండుసార్లు చెడగొట్టింది. సీసా నీదే కదా."

"నిజంగా. అడుగు అమ్మని."

ఇద్దరూ నా వైపు తిరిగారు. అవునంటే చాలు. కానీ అవునంటే, మరి పిన్ని సీసాలో ఎందుకు పోసినావని ఇందు అడుగుతుంది. దానికి జవాబు రజియా ముందు నా నోటితో చెప్పాలి. ఇరవై రెండేళ్ళ కుళ్ళంతా ఆమె ముందు బయటపడాలి. ఆమె నన్ను ఒక్క మాట అనదు, అయ్యో అక్కా అని జాలిపడుతుంది. ఆ జాలి నేను భరించలేను.

"నాకెక్కడొస్తుందే. రజియాదే అది," అన్నాను.

రజియా ఇందు పక్కన కూర్చుంది. ఇందు ఆమె చెయ్యి పట్టుకుంది.

"పిన్నీ, కాన్పప్పుడు నువ్వే నాతో ఉండాల. లోపలికి ఒక్కరినే రానిస్తారంట. అమ్మకి కంగారెక్కువ."

రజియా తలెత్తి నన్ను చూసింది, ఏమనమంటావక్కా అన్నట్టు. నేనేమనగలను? నా చేతి ఊరగాయ నా కూతురి కంచంలో ఉంది. అది నాది కాదని ఇప్పుడే చెప్పింది కూడా నేనే.

"సరే అనరాదా రజియా," అన్నాను. "పిల్ల అడుగుతాంది కదా."