లస్మయ్య వద్దన్న పత్తి గింజలు

గల్ఫ్‌లో, మెసయీద్‌లోని మా కూలీల క్యాంప్‌లో లస్మయ్యకు కోపం వచ్చిందంటే అది పత్తి గురించే. ఫోర్‌మన్ ఎంత తిట్టినా దులిపేసుకుంటాడు. నిర్మల్ దగ్గర పల్లెలో ఏళ్ళ తరబడి పత్తి పండించి, ఇప్పుడిక్కడ పరంజాలు కడుతున్నాడు. భార్య పోచవ్వకు మాత్రం ఇది ఇప్పటికీ దుబాయే. క్యాంప్ గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీ చేసే ఒటియెనోది కెన్యా. వాళ్ళకూ పత్తి చేను ఉందని తెలిసినప్పటి నుంచి ఇద్దరికీ వచ్చీరాని హిందీలో అవే కబుర్లు.

పోయిన ఏడాది ఒటియెనో తల్లి మొదటిసారి బీటీ పత్తి వేసింది. కాయతొలుచు పురుగు దాని జోలికి రాలేదు. ఈసారీ అలాగే పండితే కాంట్రాక్ట్ కాగానే ఇంటికెళ్ళిపోతాననీ, మళ్ళీ ఈ ఎడారి ముఖం చూడననీ ఒటియెనో అన్నాడు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తల్లి మంచి కాయలు ఏరి, గింజలు తీసి, పొయ్యి పొగ తగిలేలా చూరుకు కట్టిందట, మళ్ళీ విత్తడానికి.

అది విన్నాక లస్మయ్యకు అన్నం సహించలేదు. అది రెండు రకాలను కలిపి పుట్టించిన విత్తనమనీ, ఒక్క పంటకే పనికొస్తుందనీ చెప్పాడు. దాని గింజలు వేస్తే ఒక మొక్క పొడుగు, ఒకటి గిడస. ఒకదాన్ని పురుగు వదిలేసినా పక్కదాన్ని నమిలేస్తుంది. ఒటియెనో నవ్వేశాడు. మంచి మొక్కకు చెడ్డ గింజ ఎలా వస్తుందని అతని వాదన. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అని మనమూ అంటాం కదా, అతన్ని అని ఏం లాభం? ఈ మాయదారి విత్తనమే ఆ మాట నిలబెట్టదు.

"కొత్త గింజలు కొనుమంటే, నేనేదో దుకాణపోని తమ్మున్నన్నట్టు జూస్తుండు," అని నా దగ్గర పళ్ళు నూరాడు. క్యాంప్ బస్సు నడిపే నాకు పత్తి గురించి ఏం తెలుసు? అయినా నాకూ ఒళ్ళు మండింది.

కొన్నాళ్ళకు తమ ఊళ్ళో వానలు పడ్డాయని ఒటియెనో సంతోషంగా వచ్చి చెప్పాడు. తల్లి ఆ గింజలే వేసిందట. చుట్టాలకూ, చర్చిలో అడిగిన వాళ్ళకూ తలా దోసెడు పంచిందట. విత్తనం అడిగితే లేదనడం వాళ్ళ దగ్గర పాపమట.

ఒక్క చేను పోతుందని ఇన్నాళ్ళూ మొత్తుకున్న లస్మయ్య, ఆ ఊరి చేలన్నీ తలుచుకుని గేటు పక్కనే కూలబడ్డాడు. వాళ్ళ పల్లెలోనూ విత్తనం అడిగినవాళ్ళను ఎవరూ వట్టి చేతులతో పంపరు.

"గామెను నేనేమని తిట్టాలె?" అన్నాడు నాతో. "మంచే జేసింది గద."