దర్జీ అక్క ఆసనం

పెదవుల మధ్య గుండుసూదులు లేకుండా దర్జీ అక్కను చూడాలంటే 'నీలిముసుగు' బొమ్మల పుస్తకం కొత్త సంచిక వచ్చిన రోజే చూడాలి. అందులో వీరుడు నీలిముసుగు ఆకాశంలో ఎగురుతుంటే ఆమె కళ్లు అతని అంగీ కుట్టు మీదే ఉండేవి. "భుజం దగ్గర పిగులుతుంది, కావాలంటే రాసిపెట్టుకోండి" అనేది. అలాంటి మనిషి, అభిమాన రచయిత రాయడం మానేయడంతో కథ ఎవరో కొత్తాయన చేతికి వెళ్లగానే అలిగింది. వరస తెగకూడదని కొనడం మానలేదు గానీ ఒక్కటీ తెరవలేదు. భర్త చదివేశాక అన్నీ కట్టగట్టి, పైన మెత్తటి గుడ్డ కుట్టి, మిషను ముందు ఆసనంగా వేసుకుంది.

పాతాయన తిరిగొచ్చిన రోజు మెడలోని టేపు కూడా తీసి పక్కన పెట్టి సంచిక తెరిచింది. మొదటి బొమ్మలోనే నీలిముసుగు అంగీ ఎడమ చెయ్యి ఖాళీగా వేలాడుతోంది.

"అయ్యో, ఇతని చెయ్యేదండీ?" అని కేక పెట్టింది.

ఇస్త్రీ చేస్తున్న భర్త తలెత్తలేదు. "పోయి చాన్నాళ్లయింది. ఆ కథ మీదే కూర్చున్నావు నువ్వు."

అక్క మూతి ముడుచుకుంటూనే ఆసనం కుట్లు విప్పింది. "చెయ్యి సంగతొక్కటి చూసి మూసేస్తా" అంది. సాయంత్రం బట్టల కోసం వచ్చినవాళ్లకు ఆమె నేల మీద పుస్తకాల మధ్య కూర్చుని, గుడ్డపీలికతో ముక్కు తుడుచుకుంటూ కనిపించింది.

"ఏమండీ, రేపొక స్టూలు కొనుక్కురండి" అంది చివరికి. "ఇంత బాగా రాసినాయన మీద ఇంక కూర్చోలేను."